కొత్త కోచ్ వచ్చే ముందు రోజు

కువైట్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో చాలా ఏళ్ళు డ్రైవర్‌గా చేశాను. బయటి దేశాల నుంచి వచ్చే కోచ్‌లను ఎయిర్‌పోర్టులో ఎక్కించుకోవడం, క్లబ్బు ఇచ్చిన విల్లాలో దింపడం, రోజూ ప్రాక్టీసుకు తీసుకెళ్ళడం, కొన్నాళ్ళకు మళ్ళీ అదే ఎయిర్‌పోర్టులో వదిలిపెట్టడం నా పని. ఆటంటే నాకు క్రికెట్టే. గోల్ పడితే ఏ వైపు వాళ్ళు అరుస్తున్నారో చూసుకుని సంతోషించాలో వద్దో తేల్చుకునేవాణ్ణి. కానీ ఏ కోచ్ కొలువు ఎప్పుడు ఊడుతుందో ఆటగాళ్ళకన్నా ముందు నాకే తెలిసేది. కొత్తవాడి కోసం కారు పంపాలి కదా, ఆ మాట డ్రైవరుకు చెప్పక ఎవరికి చెబుతారు?

అలా వచ్చినవాళ్ళలో ఒకాయన స్పెయిన్ దేశస్థుడు. మిగతావాళ్ళందరూ వెనక సీట్లో కూర్చుని ఫోన్లో మునిగిపోయేవారు. ఈయన మొదటిరోజే ముందు తలుపు తీసి నా పక్కన కూర్చున్నాడు. నాకేమీ నచ్చలేదు. దొర పక్కనుంటే పాటలు పెట్టుకోవడానికి లేదు, సిగ్నల్ దగ్గర అడ్డం వచ్చినవాణ్ణి తెలుగులో కడుపారా తిట్టుకోవడానికీ లేదు.

ఆయన ఉద్యోగ చరిత్రంతా నాకు ట్రాఫిక్‌లోనే తెలిసింది. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే. వాళ్ళ దేశంలో చిన్న ఊళ్ళో డిఫెండర్‌గా ఆడేవాడట. మోకాలు దెబ్బతిని ఆట మానేసి పిల్లలకు నేర్పాడట. తర్వాత ఒక చిన్న క్లబ్బు దొరికింది. దాన్ని పై డివిజన్‌కు తీసుకెళ్ళాడు, మరుసటి ఏడు ఓడిపోతుంటే పొమ్మన్నారు. అక్కణ్ణించి గ్రీసు, సైప్రస్, ఇంకో గల్ఫ్ దేశం. ఏ ఊరి కథ మొదలుపెట్టినా పొమ్మన్నారన్న మాట దగ్గరే ఆగేది. మా వీసాకు పూచీ పడే యజమానిని కఫీల్ అంటారని, ఆయనకు కోపం వస్తే మా బతుకూ అంతేనని చెప్పాను. పెద్దగా నవ్వి నా భుజం తట్టాడు.

శుక్రవారాలు నాకు సెలవు. సరిగ్గా ఆ రోజే ఫోన్ చేసేవాడు. ఏదో పనుందని పరుగెత్తుకు వెళితే పనేమీ ఉండేది కాదు. కబ్ద్ వైపు పోనిమ్మనేవాడు. ఎడారిలో ఫారాలు, గొర్రెలు, ఒంటెలు. కారు ఆపించి, అద్దం దించి, వాటిని చూస్తూ కూర్చునేవాడు. నాకు ఒళ్ళు మండేది. వారానికొచ్చేది ఒక్క రోజు. బట్టలు ఉతుక్కోవాలి, కోడికూర వండుకోవాలి, ఇంటికి ఫోన్ చేసుకోవాలి. ఈ మహానుభావుడికి ఒంటెల్ని చూపించడమే సరిపోతోందని గొణుక్కునేవాణ్ణి.

ఒక శుక్రవారం విల్లా దగ్గర దింపాక, ఆయన తలుపులో తాళంచెవి పెట్టి, తిప్పకుండా అలాగే నిలబడిపోవడం చూశాను. పెద్ద కుటుంబం పట్టే ఇంట్లో మనిషి ఒక్కడు. లోపలికి వెళ్ళబుద్ధి కావడం లేదని వీపు చూస్తేనే తెలిసిపోయింది. ఆ తర్వాత తిట్టుకోవడం మానేశాను. నిజం చెప్పాలంటే ఆ షికార్లు నాకూ అలవాటయ్యాయి. మా రూములో మనుషులకు కొదవలేదు గానీ, నేను ఎప్పుడొస్తానా అని చూసేవాడు ఒక్కడూ లేడు. డ్యూటీ నుంచి రావడం, అన్నం తినడం, గోడవైపు తిరిగి పడుకోవడం. ఒక్కోసారి రెండు మూడు రోజులపాటు తెలుగులో ఒక్క మాటైనా మాట్లాడి ఉండేవాణ్ణి కాదు.

ఆయన భార్య వాళ్ళ ఊళ్ళో స్కూలు టీచరు. ఒక్కతే కూతురు. ఊరు మారినప్పుడల్లా స్కూలు మార్చలేక వాళ్ళిద్దరూ స్పెయిన్‌లోనే ఉండిపోయారు. ఆ చలికాలం ఆవిడ ఒప్పుకుంది. రాజీనామా ఇచ్చేసి, పాపను తీసుకుని కువైట్ వచ్చేస్తానంది. ఆయన ఆనందం చూడాలి! దజీజ్‌లో షాపులన్నీ తిప్పించి పాపకు మంచం కొన్నాడు. ఇద్దరం నేలమీద చతికిలబడి మరలు బిగించాం. నా కూతురిదీ అదే ఈడు, కోనసీమలో వాళ్ళమ్మ దగ్గరుంది. నాకొచ్చే జీతానికి ఫ్యామిలీ వీసా ఇవ్వరు. ఆ మరలు బిగిస్తుంటే నాకు ఏడుపొచ్చేంత అసూయ కలిగింది.

ఆ తర్వాత టీము వరసగా ఓడిపోవడం మొదలైంది. ఒక మంగళవారం ముదీర్, అంటే క్లబ్బు మేనేజరు, నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఎల్లుండి ఎయిర్‌పోర్టుకు వెళ్ళాలి, కొత్త కోచ్ వస్తున్నాడు అన్నాడు. పాతాయన ఖలాస్, ఆ సంగతి గురువారం పొద్దున తనే చెబుతాడట. అంతవరకూ నోరు విప్పితే నేనూ ఖలాసేనన్నాడు.

తన భార్య బుధవారం రాజీనామా ఇస్తోందని ఆ పొద్దున్నే కోచ్ కారులో మురిసిపోతూ చెప్పాడు.

ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడకు అంతా చెప్పాను. ఊరుకొమ్మంటుందేమోనని నాలో ఎక్కడో ఆశ ఉంది.

"ఆవిడ ఉద్దోగం మానేసి వచ్చేత్తే రేపు ముగ్గురూ ఎలా బతుకుతారండీ? చెప్పెయ్యండి," అంది. "మహా అయితే మీ పని పోద్ది. ఇంటికొచ్చేత్తారు. అంతేగా."

బుధవారం పొద్దున కోచ్ బ్యాగు భుజాన వేసుకుని వచ్చి కారెక్కాడు. నేను బండి స్టార్ట్ చెయ్యలేదు. స్పెయిన్‌లో ఇంకా స్కూలు వేళ కాలేదని లెక్క చూసుకునే వచ్చాను.

"కోచ్, రేపు ఎయిర్‌పోర్టుకు వెళ్తున్నాను. కొత్త కోచ్ కోసం. మేడమ్‌ను ఉద్యోగం మానొద్దనండి," అన్నాను.

ఆయన ముందు అద్దంలోంచి గేటు వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఫోన్ తీశాడు. నేను దిగబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. తన భాషలో, పాపను నిద్రపుచ్చుతున్నట్టు మెల్లగా మాట్లాడాడు. ఫోన్ పెట్టేశాక కూడా నా చెయ్యి వదలలేదు. కాసేపటికి తనే యల్లా, పోదాం పద అన్నాడు. క్లబ్బుకు తీసుకెళ్ళాను. ఆ రోజు ప్రాక్టీసు ఎప్పటిలాగే చేయించాడు.

గురువారం ముదీర్ గదిలోంచి ఆయన కేకలు వరండాలో ఉన్న నాకు వినిపించాయి. ఇదేం అన్యాయం, ఒక్క మాటైనా ముందు చెప్పరా అని టేబుల్ గుద్దాడు. ఆ కోపమంతా నన్ను కాపాడటానికేనని నాకొక్కడికే తెలుసు.

విల్లాకు తిరిగి వెళ్ళేటప్పుడు, అంత ధైర్యం ఎలా చేశావని అడిగాడు. మా ఆవిడ చెప్పమందన్నాను. ఆమెతో మాట్లాడాలన్నాడు. ఆమెకు ఇంగ్లీషు రాదన్నా వినలేదు. ఇక ఆపలేక నంబరు కలిపి ఇచ్చాను. మొదట ఇంగ్లీషులో థాంక్యూ అన్నాడు. తర్వాత స్పానిష్‌లోకి వెళ్ళిపోయాడు. ఇల్లు చేరినా ఆపలేదు. ఆఖరుకు ఫోన్ నా చేతిలో పెట్టి, నన్ను గట్టిగా కౌగలించుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మా ఆవిడ ఇంకా లైన్లోనే ఉంది.

"ఒక్క ముక్కా తెలీలేదండి," అంది. "పాపం, మనిషితో మాటాడి చాన్నాళ్ళయినట్టుంది." మళ్ళీ తనే, "మీరూ అక్కడ ఇలాగే ఉంటున్నారేటండీ?" అని అడిగింది.

లేదు, ఇక్కడ చాలామందిమి ఉన్నాం, బాగానే ఉన్నానన్నాను. ఎయిర్‌పోర్టుకు టైమవుతోందని చెప్పి ఫోన్ పెట్టేశాను.