పొరకపుల్ల కొలత

మా చెల్లెలు ఏం చదువుతుందో అమ్మకు ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఎమ్మిగనూరు బస్సులో పక్కన ఎవరు కూర్చున్నా చాలు, మొదలుపెడుతుంది.

"మా చిన్నపాప మట్టిబిళ్లల మింద రాసిన పాతకాలం రాతలు సదువుతాదమ్మా. దేవుళ్ల కాలం నాటివి."

నేను అక్కడే ఉంటాను. పక్కనామె మర్యాదకు "ఈ పాప?" అని అడుగుతుంది.

"ఇది పెద్దపాప. ఆదోనిలో కాళ్లు పిసుకుతాది."

నేను కాళ్లు పిసకను. ఫిజియోథెరపీ చదివాను. పత్తిచేలల్లో చెప్పుల్లేకుండా తిరిగే ఆడవాళ్ల పాదాల మీద పరిశోధన చేస్తున్నాను. పాదం నడుమ మూడు చిన్న ఎముకలుంటాయి. గొడ్డలి పిడి వదులైతే బిగించడానికి కొట్టే చెక్కముక్కలాగా ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నం. పాదం వంపు కూలిపోకుండా నిలిచేది వాటి బిగువుతోనే. వాటిని క్యూనిఫాం ఎముకలంటారు. చెల్లెలు చదివే రాతలోని గుర్తులదీ అదే ఆకారం. రెల్లుపుల్ల కొసతో పచ్చిమట్టిలో నొక్కి రాసేవాళ్లట. దాన్నీ క్యూనిఫాం లిపి అనే అంటారు. ఆ మాటను మా ఇంటి గడప దాటించి తెచ్చింది ముందు నేను. ఇప్పుడు అది కూడా చెల్లెలిదే అయిపోయింది.

కుళ్లే. కాదనను. ఇది ఈనాటిది కూడా కాదు.

మాది ఆదోనికీ ఎమ్మిగనూరుకీ నడుమ ఒక మెట్ట ఊరు. పంట చేతికి రాని ఏడు, అంటే ఇంచుమించు ప్రతి ఏడూ, దీపావళి దాటగానే అమ్మా నాయనా సుగ్గికి పోయేవాళ్లు, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. చెల్లెలు చిన్నది కాబట్టి వెంట తీసుకుపోయేవాళ్లు. నాకు బడి ఉంది కాబట్టి అవ్వ దగ్గర వదిలేవాళ్లు. మళ్లీ ఉగాది ముందు వచ్చేవాళ్లు. బడి మీద నాకున్న కోపం మా అయ్యవార్లకు తెలియదు, ఎందుకంటే మార్కులు బాగానే వచ్చేవి.

లారీ ఎక్కే ముందు అమ్మ నన్ను గోడకు ఆనించి నిలబెట్టేది. పొరకలోంచి ఒక పుల్ల పీకి, నా మడమ నుంచి బొటనవేలి దాకా పెట్టి, అంతకు విరిచి రొంటిన దోపుకునేది. తిరిగొచ్చేటప్పుడు ఆ కొలతకు నాకు చెప్పులు కొనుక్కొచ్చేది. ఊరికొచ్చాక నన్ను ఎమ్మిగనూరుకు తీసుకుపోయి కొనొచ్చు కదా అని అవ్వ అంటే, "వట్టి చేతులూపుకుంటా బిడ్డ కాడికి ఎట్ల వచ్చేదిమా?" అనేది.

నెలలు గడిచేసరికి నా కాలు పుల్లను దాటిపోయి ఉండేది. ఏ ఏడూ చెప్పులు సరిపోలేదు. చెల్లెలు మాత్రం అంగట్లో తన కాలు పెట్టి చూసి కొనుక్కున్న చెప్పులతో టకటకలాడుతూ లారీ దిగేది. ఆ చప్పుడు వింటే నాకు కడుపు మండిపోయేది. ఒక ఏడైతే మరీ ఘోరం, నా మడమ చెప్పు దాటి నేల మీద పడింది. అమ్మకు తెలిసిరావాలని వాటినే ఈడ్చుకుంటూ బడికి పోయాను. "తొడిగితే తొడిగితే వదులైతాయిలే" అంది అమ్మ. నా కాలెంతో మా అమ్మకే తెలియదు అనుకున్నాను. ఈ పాదాల చదువు ఎందుకు పట్టుకున్నావని ఎవరైనా అడిగితే ఇంకేవో కారణాలు చెప్తాను.

మొన్న వేసవిలో చెల్లెలు హైదరాబాదు నుంచి ఊరికి వచ్చింది. నేను వారం వారం వస్తాను, నాకు ఏదుంటే అది పెడుతుంది అమ్మ. చెల్లెలు వచ్చిందని పొద్దున్నే ఉగ్గాని, బజ్జీలు. తిన్నాక చెల్లెలు తన ఫోనులో ఒక ఫొటో చూపించింది. ఎండిన మట్టిబిళ్ల మీద చిన్నబిడ్డ పాదం అచ్చు. దాని పక్కన ఆ రాతలు.

"అక్కా, ఈ పాదం జూసి బిడ్డ వయసు సెప్తావా? నాకు కావల్ల."

"ఎముకలైతే సెప్తా. అచ్చు జూసి సెప్పేకి నేనేమన్నా సోదమ్మనా?" అన్నాను.

అన్నది నిజమే. పసిబిడ్డల పాదంలో ఆ మూడు ఎముకలూ ఇంకా మెత్తగానే ఉంటాయి. ఒకదాని తర్వాత ఒకటి గట్టిపడతాయి. ఎక్స్‌రే ఉంటే వయసు అందాజుగా చెప్పొచ్చు, మట్టి అచ్చుకు ఎక్స్‌రే ఎక్కడిది? కానీ ఆమె నన్ను అడగవలసి వచ్చిందని నాకు లోలోపల తీపిగానే ఉండింది.

"ఎవురి బిడ్డది ఆ కాలు?" అంది అమ్మ.

చెల్లెలు చెప్పింది. ఆ కాలంలో కరువొచ్చి బిడ్డల్ని అమ్ముకున్నవాళ్లు ఉన్నారట. ఈ బిడ్డ ఫలానా అని గుర్తుకు, పాదాన్ని పచ్చిమట్టిలో నొక్కి పత్రం రాయించేవాళ్లట.

అమ్మ చెయ్యి తుడుచుకుని ఫోను దూరంగా పట్టుకుని చూసింది.

"ఈ బిళ్ల ఆ తల్లి కాడ పెట్టుకునిందా?"

"లేదుమా. కొన్నోళ్ల కాడ ఉంటాది."

"పాపం. నా కాడ పుల్లన్నా ఉండె" అని, తిన్న తట్టలు తీసుకుని పెరట్లోకి పోయింది.

నాకు అర్థం కాలేదు. "యా పుల్ల?" అన్నాను.

చెల్లెలు ఫోను పక్కన పెట్టింది. "నీ కాలి పుల్లే. సెప్పులు కొనేకని నువ్వు అనుకుంటివి. మిరపచేన్లో బువ్వకు కూసున్నప్పుడంతా అమ్మ దాన్ని రొంట్లోంచి తీసి తొడ మింద పెట్టుకుని సూస్తా ఉండె. 'ఏం సేస్తాందో నా పాప' అంటా ఉండె. నన్ను ముట్టనిచ్చేది కాదు. ఒకతూరి నాకు జొరమొచ్చి పండుకుంటి. నా తలకాడ కూసోని గూడా ఆ పుల్లనే నిమురుకుంటాంది. నాకు యాడలేని కోపమొచ్చింది. అమ్మ నీళ్లకు పోయినప్పుడు కొస ఇరిసేసినా."

ఇన్నేళ్లూ నేను ఆమె చెప్పుల్ని చూసి ఏడిస్తే, ఆమె నా పొరకపుల్లను చూసి ఏడ్చిందట. జాలి తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సంతోషమే, కడుపు నిండా.

"ఎంత ఇరిసినావే?" అన్నాను.

చెల్లెలు బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ సందు పెట్టి చూపించింది. ఆ ఏడు చెప్పు దాటి నేల మీద పడిన నా మడమ, సరిగ్గా అంతే.