స్వస్తికకు కట్టిన గళ్లగుడ్డ

బాలిలో మా పక్కింటి రెంతెత్ మొగుడు రాతిపనివాడు. చనిపోతూ ఆమెకు వాకిలి కమాను మీద చెక్కిన స్వస్తికను మిగిల్చాడు. "మనిషికంటే ఇదే నయం, ఎదురు చెప్పదు" అనేది రెంతెత్. రోజూ దానికి పూలు పెట్టేది.

రెండు గదులు అద్దెకిచ్చి బతుకుతోంది. యాత్రికులను తెచ్చే మేనల్లుడు సుఅర్సన ఓ పొద్దున ఊడిపడ్డాడు.

"అత్తా, హాలండు పెద్దావిడ రూత్ గారు మధ్యాహ్నం దిగుతోంది. ఆమె మేనమామలను నాజీలు చంపారట. ఈ గుర్తు కనబడితే వెనక్కి తిరిగిపోతుంది. చెక్కి తీయించెయ్!"

"మీ మామ చెక్కింది నేను చెరపాలా? ముందు నీ బుర్ర చెక్కించుకో!"

"అయితే ఇకమీద ఎవర్నీ తీసుకురాను, నీ ఇష్టం."

గదులు ఖాళీగా ఉంటే పొయ్యి వెలగదు. ఎదురుగా కనబడ్డ నలుపు తెలుపు గళ్లగుడ్డ తీసి స్వస్తికకు చుట్టేసింది. అదే పొరపాటు. మా బాలిలో ఆ గుడ్డ చుట్టిన చెట్టైనా రాయైనా ఏదో శక్తి ఉన్నచోటే. గంటలో అగరొత్తులు వెలిగాయి. వీధి చివరి తాతకు మోకాలి నొప్పి తగ్గిందన్న వార్త కూడా పుట్టింది.

రూత్ కారు దిగేసరికి వాకిట్లో జనం. ముచ్చటపడి ఆమె కూడా ఓ పువ్వు తీసుకుని చేతులు జోడించబోయింది.

"ఆగమ్మా!" అని అరిచింది రెంతెత్. గుడ్డ లాగేసింది. రూత్ ముఖం పాలిపోయింది. సుఅర్సన నెత్తి పట్టుకున్నాడు.

"నేను చెప్పేది ఆమెకు చెప్పరా, ఒక్క ముక్క మింగకుండా! వచ్చినవాళ్లకు మేలు జరగాలని మా ఆయన చెక్కాడు. మా తాతలనాటి గుర్తమ్మా ఇది. దాన్ని ఎత్తుకుపోయి హత్యలు చేసినవాళ్లు దొంగలు. దొంగ కట్టుకున్నాడని నా బట్ట నేను తగలబెట్టుకోను. కానీ నీ కంటికది కత్తే. తెలియకుండా నీచేత మొక్కిస్తే నేనూ దొంగనే."

నా మాట కూడా అదే. హంతకులు వాడింది కొన్నేళ్లు, మావాళ్లు వాడింది తరతరాలు. అయినా లోకం దాన్ని హంతకుల పేరనే రాసేసింది. అలాగని చచ్చినవాళ్ల మనిషిని పట్టుకుని మరిచిపొమ్మనే హక్కు మాకెక్కడిది?

రూత్ చేతిలోని పువ్వు పక్కన పెట్టింది. "దీని కింద నడవలేను. వేరే దారి ఉందా?"

"ఉంది. పందుల దొడ్డి మీదుగా."

"పదండి."

ఉన్నన్నాళ్లూ ఆమె అటే తిరిగింది. ఒంటరిగా పంపడానికి మనసొప్పక రెంతెత్ కూడా బురదలో తోడు నడిచేది, అడ్డమొచ్చిన పందినల్లా బూతులు తిడుతూ. సగం తిట్లు రూత్‌కీ వచ్చేశాయి.