ఎస్తేరక్క అడిగి తెచ్చిన సెలవు

పొద్దున డ్యూటీకి రాగానే అంబులెన్స్ వెనక తలుపు తీస్తాను. రాత్రి డ్యూటీవాళ్లు కడిగి మూసిన బండిలోంచి ఫినాయిల్, స్పిరిట్, తడి రబ్బరు కలిసిన వాసన గుప్పున మొహానికి తగులుతుంది. ఆ వాసనతో పాటే ఎస్తేరక్క గుర్తొస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన రోజు ఆమె నా చేతికి మొదట ఇచ్చింది ఒక గుడ్డ. “ముందుగాల బండి తుడువు కవితా. ఏ వస్తువు ఏడున్నదో కండ్లు మూస్కున్నా నీ చెయ్యికి తెల్వాలె,” అంది.

ఎస్తేరక్కది మొయినాబాద్ దగ్గర చిన్న మంగళారం. చేవెళ్ల అంబులెన్స్‌లో పేషెంట్లను చూసుకునే మా అందరిలో ఆమే సీనియర్. భారీ మనిషి, పెద్ద గొంతు. ఆదివారం డ్యూటీ పడి చర్చికి వెళ్లలేకపోతే ముందు సీట్లో కూర్చుని సన్నగా పాటలు పాడుకునేది. ఒకసారి ట్రాక్టరు మీంచి పడ్డ ఒక ముసలాయన్ని సిటీకి తీసుకెళ్తున్నాం. ఆయన స్పృహ తప్పేలా ఉన్నాడు. అక్క ఆయన చెయ్యి పట్టుకుని, “తాతా, నీ బర్రెను నాకిస్తవా?” అని అడిగింది. ఆయన కళ్లు తెరిచి, “ఇయ్య,” అన్నాడు. “ఎందుకియ్యవ్?” అని పట్టుబట్టింది. పెద్ద దవాఖాన గేటు దాటేదాకా ఆయన ఎందుకివ్వడో చెబుతూనే ఉన్నాడు. ఎదుటి మనిషిని వదలకపోవడమంటే ఏమిటో నేను ఆ దారిలోనే నేర్చుకున్నాను.

అప్పట్లో మేమందరం ఒక కంపెనీ కింద కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లం. పన్నెండు గంటల డ్యూటీ. కేసు లేనప్పుడు కూర్చోవడానికి ఒక రేకుల గది. దానికి బాత్రూం లేదు. రోడ్డు మీది పెట్రోల్ బంకువాళ్లు తాళం ఇస్తే వెళ్లేవాళ్లం, లేకపోతే లేదు. అందుకని ఆడవాళ్లం ఎండాకాలంలో కూడా నీళ్లు తక్కువ తాగేవాళ్లం. అలాంటి రోజుల్లో నేను తల్లిని కాబోతున్నానని తెలిసింది. సెలవు కావాలని సూపర్‌వైజరుకు ఫోన్ చేస్తే, “ఇంటి దగ్గరే ఉండమ్మా. కాన్పు అయినంక ఖాళీ ఉంటే చూద్దాం,” అన్నాడు. ఆలూరులో మా ఇంట్లో నెల జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. రేకుల గదిలో గోడవైపు తిరిగి ఏడుస్తుంటే అక్క వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

“ఖాళీ ఉంటే అనుడేంది?” అంది, సంగతంతా విని. “ఆ సీటు ఖాళీ గాదు. నీది. ఏం ఫికర్ జేయకు.”

ఆ వారం తన ఆఫ్‌లన్నీ చుట్టుపక్కల బండ్ల దగ్గరికి తిరగడానికే వాడింది. డ్రైవర్లతో మాట్లాడింది, ఆడపిల్లలతో మాట్లాడింది. బండ్లు ఆపేద్దామని కొందరన్నారు. అక్క ఒప్పుకోలేదు. “బండి ఆపితే సచ్చేది మన ఊరోళ్లే. డ్యూటీల ఉన్నోళ్లు డ్యూటీ చేద్దురు. ఆఫ్‌ల ఉన్నోళ్లందరం యూనిఫాం ఏస్కొని ఈ రేకుల గది ముంగట కూసుందాం. కంపెనీ మేనేజర్ వచ్చి మాట్లాడేదాక లేవొద్దు,” అంది. అలాగే కూర్చున్నాం. దారిన పోయేవాళ్లు మా దగ్గర ఆగి, సంగతి అడిగి, మాతో పాటు కాసేపు కూర్చుని వెళ్లేవాళ్లు.

చివరికి ఒక మిట్టమధ్యాహ్నం మేనేజర్ వచ్చాడు. కోస్తావైపు మనిషి, మర్యాదస్తుడు. రేకుల కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, “కాంట్రాక్టులో ఆ సెలవు లేదండీ. ఇలా గుంపుగా కూర్చుంటే మీ ఉద్యోగాలకే ఇబ్బంది,” అన్నాడు.

“కడుపుతోని ఉంటే నౌకరి పోతదని కూడ కాంట్రాక్టుల లేదు గద సార్,” అంది అక్క.

ఆయన జవాబు చెప్పేలోపు ఫోన్ మోగింది. సురంగల్‌లో కాన్పు కేసు. ఆ ఊరికి దగ్గరున్న మొయినాబాద్ బండి వేరే కేసు మీద ఉంది. ఆ రోజు డ్యూటీ అక్కదే. లేచి నిలబడింది. “సార్, జర కూసోండ్రి. పోయొచ్చి మాట్లాడుత.”

“నాకు సిటీలో మీటింగ్ ఉందమ్మా.”

“ఆమెకు నొప్పులున్నయ్ సార్,” అని బండెక్కింది.

మేనేజర్ వెళ్లిపోతాడనుకున్నాం. ఎందుకో వెళ్లలేదు. ఎండకు రేకులు కాగుతున్నాయి. మేమిచ్చిన నీళ్లు తాగాడు, మళ్లీ తాగాడు. కొంతసేపటికి మొహమాటంగా, “బాత్రూం ఎక్కడుంది?” అని అడిగాడు. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు ఆఫ్‌లో ఉన్న మా డ్రైవర్ దేవదానం అన్న రోడ్డువైపు చూపించి, “బంకు కాడికి పోవాలె సార్. తాళమిస్తె,” అన్నాడు. ఆయన ఆ ఎండలో నడిచి వెళ్లి, చెమటతో తిరిగొచ్చాడు. “మీ ఆడవాళ్లు కూడా అక్కడికేనా?” అని అడిగాడు. “అక్కడికే సార్. అందుకే నీళ్లు తాగరు,” అన్నాడు దేవదానం అన్న.

అక్క తిరిగొచ్చేసరికి ఆమె చేతులు మోచేతుల దాకా కడిగిన తడితో ఉన్నాయి. ఎదురుగా కూర్చుంది. “ఆడపిల్ల సార్. బండిలనే పుట్టింది. తల్లీబిడ్డలు మంచిగున్నరు. ఇగ చెప్పుండ్రి, మన ముచ్చట ఏడిదాక వచ్చింది?”

మేనేజర్ బయటికి వెళ్లి ఎవరెవరితోనో ఫోన్లో మాట్లాడి వచ్చాడు. “ఈ అమ్మాయికి జీతంతో సెలవు ఇప్పిస్తాను. ఉద్యోగం ఎక్కడికీ పోదు,” అన్నాడు. అక్క తల అడ్డంగా ఊపింది. “ఈమె ఒక్కదానికి గాదు సార్. ఆడపిల్లలందరికి. నోటిమాట గాదు, కాగితం మీద.”

కాగితం వచ్చింది. వానలు పడేనాటికి బాత్రూం కూడా లేచింది. ఆర్డరు అందిన రోజు దేవదానం అన్న సంతోషం పట్టలేక సైరన్ మోగించాడు. “బంద్ జెయ్యి, ఊరంత పరేషానైతది,” అని అక్క కసిరింది. కసురుతూనే అరచేత్తో కళ్లు తుడుచుకుంది. కొడుకు పుట్టాక నేను తిరిగి వచ్చి నా సీట్లోనే కూర్చున్నాను.

అక్క ఇప్పుడు రిటైరై చిన్న మంగళారంలో కోడలితో కలిసి పూలతోట చూసుకుంటోంది. కంపెనీవాళ్లతో మాట్లాడాల్సి వస్తే ఇప్పుడు మావాళ్లు నన్ను ముందుకు తోస్తారు. ఎదుట ఎంత పెద్దవాళ్లున్నా, బండి కేసుకు సిద్ధంగా ఉందో లేదో చూసుకుని అప్పుడు నోరు విప్పుతాను. మొన్న మా కొత్త అమ్మాయి స్వప్న టిఫిన్ డబ్బా మూత తీస్తూ, “అక్కా, నాకు మూడో నెల. సెలవు ఎప్పటిసంది పెట్టుకోవాలె?” అని అడిగింది. సెలవు ఇస్తారా అని అడగలేదు. ఆ అనుమానం ఒకటుంటుందని కూడా ఆ పిల్లకు తెలియదు.