నాలుగో ట్యాబ్

ఆ వానాకాలమంతా నా పని ఫైర్ స్టేషన్లకూ, పోలీసు చౌకీలకూ, అంబులెన్సుల వాళ్ళ దగ్గరకూ తిరిగి ఒక కొత్త ట్యాబ్ వాడకం నేర్పడం. ముంబైలో ఫైరింజన్ల వైర్‌లెస్ వేరు, పోలీసులది వేరు, అంబులెన్సులది వేరు. ఒకరి మాట ఇంకొకరికి వినిపించదు. బయటి నుంచి వచ్చే సహాయక దళానిదైతే పూర్తిగా మరొకటి. అందుకే ఏ ప్రమాదం జరిగినా అందరూ సెల్‌ఫోన్లు అందుకుంటారు. సరిగ్గా అప్పుడే చుట్టుపక్కల జనమంతా ఫోన్లు చేస్తూ ఉంటారు కాబట్టి ఒక్కటీ కలవదు. ఈ బాధ తప్పించడానికి అందరికీ కలిపి ఒకే నెట్‌వర్కు ప్రయోగంగా మొదలుపెట్టారు. ఒకరు మ్యాపు మీద గుర్తు పెడితే మిగతా అందరి తెరల మీదా అది కనిపిస్తుంది. అందులోనే మాట్లాడుకోవచ్చు కూడా. దాని సిగ్నల్ పెట్టెలను బండ్లకు బిగించే కంపెనీలో నేను ఉద్యోగిని.

ఆ రోజు పొద్దున ఫాక్‌లాండ్ రోడ్డుకు దగ్గర్లో ఒక ఫైర్ స్టేషన్‌లో ఉన్నాను. అక్కడి అధికారి రిటైర్మెంటుకు దగ్గరపడిన మరాఠీ మనిషి. ట్యాబ్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "నా వైర్‌లెస్ నాకు చాలమ్మా. ఇది నా మనవరాలికి ఇస్తే బొమ్మలు గీసుకుంటుంది" అన్నాడు. అయినా గుర్తు పెట్టడం ఎలాగో రెండుసార్లు అడిగి నేర్చుకున్నాడు.

పదకొండు దాటాక గంట మోగింది. కామాటిపురాలో వరసగా ఒంటిగది ఇళ్ళుండే ఒక పాత చాల్ వెనక భాగం కూలింది. గల్లీ నంబరు వినగానే సంచి భుజాన వేసుకుని నేనూ ఫైరింజన్ ఎక్కేశాను. మా తాత మహబూబ్‌నగర్ నుంచి వచ్చి, కట్టుబడి పనిలో రాళ్ళు మోస్తూ కాపురం పెట్టిన గల్లీ అది. నేను పుట్టిందీ అక్కడే. అమ్మ పోయాక నన్ను పెంచిన చిన్నమ్మ ఇంకా అక్కడే ఉంటోంది.

మేం చేరేసరికి చాల్ ముందు గోడ అలాగే నిలబడి ఉంది. తలుపులోంచి చూస్తే మాత్రం ఇల్లు లేదు, మట్టీ దూలాలే. జనంలో చిన్నమ్మ కోసం వెతికాను. కనిపించలేదు. మరో గంటకు అధికారి గుమ్మంలో బోర్లా పడుకుని ఒక కంతకు చెవి ఆనించి చెయ్యెత్తాడు. గల్లీ అంతా నిశ్శబ్దమైపోయింది. లోపలి నుంచి ఆడమనిషి మూలుగు. ఆయన ట్యాబ్ తీసుకుని, పొద్దున నేర్పినట్టే ఎర్ర గుర్తు పెట్టాడు.

అంతలో అవతలి వైపు నుంచి పెద్ద మోత మొదలైంది. సహాయక దళం వెనక గల్లీలోంచి వచ్చి జేసీబీ యంత్రంతో శిథిలాలు తీస్తోంది. లోపల బతికున్న మనిషి ఉన్నట్టు వాళ్ళకు తెలియదు. అధికారి వైర్‌లెస్‌లో అరిచాడు. అది వాళ్ళకు వినపడదు. కానిస్టేబుల్ తన కంట్రోల్ రూముకు చెప్పాడు. "కబురు పంపుతాం" అన్నారు. ఫోన్లు కలవలేదు. ఒక ఫైర్‌మన్ చుట్టూ తిరిగి వెళ్ళబోయి జనంలో ఇరుక్కుపోయాడు.

సహాయక దళానికి ఇవ్వాల్సిన నాలుగో ట్యాబ్ నా సంచిలోనే ఉంది. అనుమతి కాగితం మీద సంతకం కాలేదని ఇవ్వలేదు. మా మేనేజరుకు ఫోన్ చేశాను. కలవలేదు. మళ్ళీ చేశాను. ఆ మోత వింటూనే మూడోసారీ చేశాను. ఎందుకు చేశానో ఈ రోజుకీ నాకు తెలియదు. ఉద్యోగం పోతుందన్న భయమే అయ్యుంటుంది.

అప్పుడు పరుగెత్తాను. పక్క చాల్ లోపలి నుంచి, వెనక మురుగునీళ్ళు పోయే సన్నటి సందులోంచి. చిన్నప్పుడు దొంగాటలాడిన దారి. చెప్పులు ఆ బురదలోనే ఉండిపోయాయి.

"మేడమ్, పక్కకు జరగండి!" అని దళం నాయకుడు హిందీలో అరిచాడు. ట్యాబ్ తెరిచి చూపించాను. ఆయన చెయ్యెత్తి యంత్రం ఆపించి, తెరను చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఈ గుర్తు పక్క బిల్డింగ్ మీద ఉంది కదా."

నిజమే. ఎత్తైన గోడల మధ్య సిగ్నల్ పక్కకు జరిగి, గుర్తు వేరేచోట పడింది. ఆయన మళ్ళీ డ్రైవర్ వైపు తిరిగాడు.

"ఒక్క నిమిషం!" అని ఆయన చెయ్యి పట్టుకున్నాను. ట్యాబ్‌లో అధికారిని పిలిచి, "సార్, మీ ట్యాబ్ ఆ కంత దగ్గర పెట్టండి" అన్నాను. తర్వాత గొంతు చించుకుని అరిచాను.

"చిన్నమ్మా! నేనే. ఏడున్నవ్?"

చాలాసేపటికి వినిపించింది. "బిడ్డా... బిందెల కాడ."

"నల్లా దగ్గరనా?"

"కాదే, జీనా కింద. మీద ఏందో గడగడ అంటున్నది. మన్ను పడుతున్నది. పక్కింటక్క ఈడనే ఉంది. ఇందాకటిదాంక మాట్లాడింది. ఇప్పుడు మాట్లాడ్తలేదు."

ఆ మెట్ల కింద చాల్ వాళ్ళంతా బిందెలు పెట్టుకుంటారు. ఆ మూల ఎక్కడుందో నాకు తెలుసు. యంత్రం తొట్టి సరిగ్గా దాని మీదే ఆగి ఉంది. వేలెత్తి చూపించాను. నాయకుడికి తెలుగు రాదు, కానీ నా మొహం చూశాడు. యంత్రం తాళంచెవి తీయించి తన జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాత అంతా చేతులతోనే. అధికారి ముందు నుంచి, దళం వెనక నుంచి. ఇద్దరి తెరల మీదా ఒకే ఫొటో. ఏ దూలం ముట్టుకోకూడదో అధికారి వేలితో గీసి చూపిస్తున్నాడు. నేను చిన్నమ్మతో మాట్లాడుతూనే ఉన్నాను. "నిద్ర పోకు చిన్నమ్మా" అంటే, "ఈడ నిద్రెట్ల పడ్తదే" అని కసిరింది. సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలో ఆమెను బయటికి తీశారు. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. పక్కింటామె దక్కలేదు.

నాయకుడు ఒక రాయి మీద కూలబడ్డాడు. "నేను యంత్రం మొదలుపెట్టినప్పుడు ఆవిడ బతికే ఉందా?" అని అడిగాడు. తెలియదన్నాను. డాక్టరు కూడా చెప్పలేనన్నాడు.

కానీ ట్యాబ్‌లో సమయాలు ఉంటాయి. గుర్తు పెట్టింది ఎప్పుడో, నాలుగో ట్యాబ్ తెరిచింది ఎప్పుడో. మధ్యలో పదకొండు నిమిషాలు.

అనుమతి లేకుండా ఇచ్చినందుకు విచారణ పెట్టారు. ఫైర్ అధికారి యూనిఫాంలో వచ్చి, "తప్పు ఈమెది కాదు, సంతకం పెట్టకుండా దాన్ని సంచిలోనే ఉండనిచ్చినవాళ్ళది" అని చెప్పి వెళ్ళాడు. నా ఉద్యోగం నిలిచింది. సహాయక దళం బండికి కూడా ఒక పెట్టె బిగించమని ఆదేశం వచ్చింది. నేనే వెళ్ళి బిగించాను.

పక్కింటామె కూతురు దాదర్‌లో పనిచేస్తుంది. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్న చిన్నమ్మను చూడటానికి వచ్చింది. వంటింట్లో నన్ను ఒంటరిగా అడిగింది.

"అక్కా, ఇంకొంచెం జల్ది పోయుంటే మా అమ్మ బతుకుతుండెనా?"

పదకొండు నిమిషాల సంగతి చెప్పాను. మూడుసార్లు చేసిన ఫోన్ సంగతీ దాచలేదు. ఆమె గోడకు ఆనుకుంది. నన్ను తిట్టలేదు, ఊరడించనూ లేదు. కళ్ళు తుడుచుకుని, "చిన్నమ్మ తిన్నదా?" అని అడిగి, పళ్ళెంలో అన్నం పెట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళింది.