ఉత్తరం గోడకు చూరు చెప్పినావిడ

నాకు దేవుడి మీద గురి ఎక్కువే. దయ్యాలు, గాలి సోకడాలు మాత్రం ఏనాడూ లెక్కచేయలేదు. నేను బడికి వెళ్లలేదు. ఇంట్లోనే నాకు చదువు చెప్పిన మా నాన్నగారు, కళ్లతో చూసిందే రాయమనేవారు. అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మావారు ఇరవై ఏళ్లు గుంటూరులో మిర్చి వ్యాపారం చేశారు. ఆ ఘాటు ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. వేసవిలో ఉక్కకు ఆయాసం, ఏసీ వేస్తే దగ్గు. ఇంకో రెండు వేసవులు ఇలాగే గడిస్తే కష్టమన్నారు డాక్టరు గారు. అందుకని వినుకొండ దాటాక, కొండ వాలులో మాకున్న అరెకరంలో, ఏసీ లేకుండానే చల్లగా ఉండే ఇల్లు కట్టుకోవాలనుకున్నాం. మందపాటి రాతి గోడలు, సున్నపు పూత, ఎండ తిరిగే దారిని బట్టి కిటికీలు.

ఇంజనీరు గారు ఉత్తరాది చలి కొండల్లో ఇలాంటి ఇళ్లు కట్టిన మనిషి. ప్లానులో దక్షిణం గోడకు పెద్ద చూరు వేశారు, ఉత్తరం గోడకు అసలు వేయలేదు. మావారి పడకగది అటే.

పునాదులు తీస్తున్న రోజులు. మధ్యాహ్నం పనివాళ్లంతా కింద బాట మీద కూర్చుని అన్నాలు తింటున్నారు. పైన నేనొక్కదాన్నే ఉన్నాను. చూస్తే ఉత్తరం వైపు ఒక పెద్దావిడ నిలబడి ఉంది. మిరపకాయలు ఏరేవాళ్లలా తలకూ ముక్కుకూ గుడ్డ చుట్టుకుంది.

"రోహిణి కార్తెలో ఎండ ఇటునుంచి కొడతదమ్మాయ్. ఆ దగ్గు మనిషిని ఇందులో పెట్టి ఉడకేస్తారా ఏంది?"

నేను తేరుకునేలోపు వంగి, పిడికిట్లోంచి సున్నం వదులుతూ పునాది అంచు నుంచి బయటికి నేల మీద ఇంత పొడుగున గీత గీసింది. "చూరు ఇక్కడిదాకా రావాల."

మంచినీళ్లు ఇద్దామని బిందె దగ్గరికి వెళ్లి వచ్చేసరికి ఆవిడ లేదు.

కొండ దిగడానికి ఉన్నది ఆ ఒక్క బాటే. అక్కడ తింటున్న పదకొండు మందిలో ఒక్కరూ ఆవిడ ఎక్కడం గానీ దిగడం గానీ చూడలేదు.

"ఎండదెబ్బ తగిలిందేమోనమ్మా, కాస్త మజ్జిగ తాగండి" అని మేస్త్రీ నవ్వాడు. గీత చూపించాక నవ్వలేదు. పిడుగురాళ్ల నుంచి మా సున్నం రావడానికి ఇంకా రెండు రోజులుంది. పునాదికి ముగ్గు కూడా బూడిదతోనే పోశాం. ఆ కొండ మీద చిటికెడు సున్నం లేదు.

ఇంజనీరు గారికి ఫోన్ చేశాను. "ఉత్తరం నుంచి ఎండేంటండీ అమ్మగారూ, సూర్యుడు దారి తప్పాడా?" అన్నారు. సాయంత్రం ఆయనే తిరిగి చేశారు, గొంతు తగ్గించి. మన వైపు మే నెలలో సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడట. చలి కొండల్లో అలా ఉండదు కాబట్టి ఆ అలవాటులో గీసేశానన్నారు. మర్నాడు వచ్చి చూరు ఎంత ఉండాలో లెక్కకట్టి, టేపు పట్టి కొలిచారు. ఆయన లెక్కకూ ఆవిడ గీతకూ బెత్తెడు తేడా కూడా లేదు.

ఆ కొలతకే చూరు వేయించాం. మొన్నటి రోహిణి కార్తె ఆ గదిలోనే గడిచింది. మొదటి రోజు అన్నం తిన్నాక మావారు గోడకు చెయ్యి ఆనించి, "ఏమే, చల్లగానే ఉందే!" అని అటు తిరిగి పడుకున్నారు. నేను గుమ్మంలో కూర్చుని ఆయన ఊపిరి వింటున్నాను. దగ్గు రాలేదు. నాలుగయ్యేదాకా లేవలేదు.

చుట్టుపక్కల ఊళ్లలో కోతలకు వెళ్లేవాళ్లందరినీ అడిగాను. అలాంటి మనిషి ఎవరికీ తెలియదు. మావారి దగ్గు సంగతి ఆవిడకెలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. దయ్యం అనడానికి నోరు రాదు, దేవత అనడానికి రుజువు లేదు. రోజూ సాయంత్రం తెలిసిన దేవుళ్ల పేర్లన్నీ తలుచుకుని దణ్ణం పెట్టుకున్నాక, పేరు లేని దణ్ణం ఒకటి మిగిలిపోతుంది. అది ఉత్తరం వైపు తిరిగి పెట్టుకుంటాను.