వలపటి ఎద్దు దాపటికి వచ్చిన ఫోటో

ఎద్దుల జత కళ్లెదుటే నిలబడి ఉండగా "ఇవి ఆ ఎద్దులు కావు" అనిపించిన ఘనత మా జిల్లా మొత్తంలో నా ఒక్కదానికే దక్కి ఉంటుంది. ఇందుకు నేను వాడిన ఆయుధం ఒక సెకండ్ హ్యాండ్ డిజిటల్ కెమెరా. ఆ దెబ్బకు మా తాత పరువు ఒక పూటంతా గాలిలో వేలాడింది. నవ్వనని మాటిస్తేనే చెబుతాను. సరే, నవ్వండి, వద్దంటే మాత్రం ఆగుతారా?

అప్పుడు నేను డిగ్రీ చదువుతూ సెలవులకు మా ఊరు వచ్చాను. పాల్వంచ దాటి కొంత దూరం పోయాక, అడవికి ఆనుకుని ఉంటుంది. కెమెరా కొన్న మోజులో ఫోన్లో పాఠాలు చూశాను. ఫ్రేమును అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసుకోవాలట. మనిషిని నడిమధ్యలో నిలబెట్టకుండా గీతలు కలిసేచోట పెట్టాలట. ఎటు చూస్తుంటే అటు కాస్త ఖాళీ వదలాలట. రెండు పాఠాలు చూసేసరికి నాకు తెలియనిది లేదనిపించింది. మొదటి బలి మా నాయనమ్మ. వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తుంటే తీసి చూపించాను.

"నన్ను గీ మూలకెందుకు తోసినవే?"

"అది కంపోజిషన్ నాయనమ్మా. నడుమ పెడితే అందం రాదు."

"గంతేనా. మిరపకాయలకున్న అందం నాకు లేదన్నట్టు."

ఆ ఎండాకాలమే తాత ఎద్దులను అమ్మాలనుకున్నాడు. మోకాళ్లు మొరాయించాయి, పొలం ట్రాక్టరుకు అప్పగించాడు. నల్లటిది కర్రోడు, బూడిద రంగుది మైలోడు. రెండూ ఒక్క కొట్టంలో పెరిగాయి. ఒకటి కనపడకపోతే రెండోది కుడితి ముట్టేది కాదు. ఒక్కదాన్నే అడిగిన వాళ్లందరినీ తాత వాకిట్లోంచే పంపించేశాడు. "ఇస్తే రెండూ ఒక్కింటికే ఇస్త" అనేది ఆయన పట్టు. చివరికి కల్లూరు దిక్కు రైతు ఒకాయన జత కావాలని ఫోన్ చేశాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. నాగలికి కుడివైపు నడిచేది వలపటి ఎద్దు, ఎడమవైపుది దాపటి ఎద్దు. అలవాటైన వైపు మార్చి కడితే అవి సరిగా నడవవు. మా కర్రోడు వలపట, మైలోడు దాపట. ఆ మాటే తాత ఫోన్లో చెప్పాడు. ఆ రైతు ఫోటో పంపమన్నాడు.

నాగలి కట్టించి, పక్కన తాతను నిలబెట్టి, వెనక గుట్ట వచ్చేలా తీశాను. అద్భుతంగా వచ్చింది. ఒకటే లోపం. ఎద్దులు ఎడమవైపు పోతున్నట్టున్నాయి. మన చూపు ఎడమ నుంచి కుడికి నడుస్తుంది కాబట్టి బొమ్మ కూడా అటే కదలాలని పాఠంలో చెప్పారు.

"తాతా, ఎద్దులను ఇటు తిప్పుతవా?"

"ఎండ ఎక్కుతున్నది బిడ్డా. జల్దీ కానియ్."

ఎద్దులను తిప్పడం కష్టం గానీ ఫోటోను తిప్పడం ఎంతసేపు? ఫోన్లోకి ఎక్కించి ఒక్క మీట నొక్కాను. అద్దంలో చూసినట్టు అంతా అటుదిటైంది, ఎద్దులు బుద్ధిగా కుడివైపు తిరిగాయి. కళ్లజోడు పెట్టుకోకుండానే చూసి తాత మురిసిపోయాడు. పంపించేశాను.

మర్నాడు ఆ రైతు ట్రాలీ కిరాయికి మాట్లాడుకుని వచ్చాడు. తాత దున్ని చూపిద్దామని ఎద్దులను కట్టి సిద్ధంగా ఉంచాడు. ఆయన ఎద్దులను చూశాడు, ఫోన్ చూశాడు, మళ్లీ ఎద్దులను చూశాడు.

"పెద్దాయనా, ఫోటోల కర్రిది దాపట ఉన్నది. ఇక్కడ వలపట కట్టినవు. ఇవి అసలు జతేనా, ఎక్కడెక్కడియో తెచ్చి కలిపినవా?"

"నాగలి ఎత్తిన కాడికెల్లి కర్రోడు వలపటనే తమ్మీ."

"మరి ఫోటో అబద్ధం చెప్తదా?"

అబద్ధం ఆడావని తాతను ఎవరైనా అనగా నేను అంతవరకు వినలేదు. ముందుకు వచ్చి, "నేనే తిప్పిన" అన్నాను.

"ఎద్దులనా?"

"కాదు, ఫోటోని."

"ఫోటో తిప్పితే ఎద్దులు తలకిందులు గావాలె గాని, జాగా ఎట్ల మారుతయి?"

అద్దం అన్నాను, మీట అన్నాను, కంపోజిషన్ కూడా అన్నాను. ఆ చివరి మాటతో ఆయనకు అనుమానం పూర్తిగా బలపడింది. "మంచిగనే నేర్పినవు పెద్దాయనా నీ మనుమరాలికి" అంటూ ట్రాలీ వైపు నడిచాడు. నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు నాయనమ్మ వచ్చి ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "ఈయన అంగీ జేబు కుడి దిక్కుకు ఎప్పుడు పోయింది?"

అందరం తాత అంగీ వైపు చూశాం. జేబు ఎడమవైపే ఉంది. ఫోటోలో కుడివైపు ఉంది.

"రోజూ గా జేబుల బీడీలు తీసి దాచేది నేనే" అంది నాయనమ్మ. "కండ్లు మూసుకున్నా నా చెయ్యి ఎడమ దిక్కే పోతది. నీ అంగీ గూడ చూసుకో తమ్మీ."

ఆ రైతు తన జేబు తడుముకున్నాడు. కాసేపటికి భుజాలు ఎగిరేలా నవ్వాడు. బీడీలు ఎటు పోతున్నాయో ఇన్నేళ్లకు తెలిసిన తాత మాత్రం నవ్వలేదు.

ఎద్దులు రెండు చాళ్లు దున్ని చూపించాయి, బేరం కుదిరింది. ట్రాలీ ఎక్కించాక తాత మైలోడి గంగడోలు నిమురుతూ చాలాసేపు దిగలేదు. "ఇద్దరిని ఒక్క కొట్టంలనే కట్టు తమ్మీ" అన్నాడు. ఆయన "అవ్ పెద్దాయనా, గట్లనే" అన్నాడు. నా తెలివికి రెండింటినీ కలిపి తీసుకునే ఈ రైతు ఇల్లు వాటికి దక్కకుండా పోయేదే కదా అనుకుంటే గుండె బరువెక్కింది.

కదలబోతూ ఆ రైతు నన్ను దగ్గరికి పిలిచాడు.

"బిడ్డా, మా చిన్నదానికి సంబంధాలు చూస్తున్నం. ఫోటోగ్రాఫర్ ఎవలన్న ఉంటే చెప్పు. నువ్వు గాకుండ."

కండువాతో కళ్లు తుడుచుకుంటున్న తాత ఆ కండువాలోనే నవ్వాడు.

గోదావరి సాక్షిగా, భద్రాద్రి రాముడి సాక్షిగా, నా కెమెరాలో మిగిలిన చార్జింగు సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఎద్దులు ఎటు చూస్తే అటే చూడనిస్తాను. మా నాయనమ్మను మాత్రం ఏ పాఠం ఏం చెప్పినా సరే, నడిమధ్యలోనే నిలబెడతాను.