మా బావగారు దారిచ్చిన మనుషులు

మా బావగారిది ఒక్కటే అలవాటు. లేనివాళ్ళకి దారిస్తారు. ఉన్నవాళ్ళకి ఎవరైనా ఇస్తారు, అందులో గొప్పేముంది? ఈయన ఖాళీ మెట్ల మీద సగంలో ఆగి, గోడకి ఒత్తుకుని నిలబడి, "రండి రండి, ముందు మీరు దిగండి" అంటారు. దిగేవాళ్ళు ఎవరూ ఉండరు. కానీ ఆయన కళ్ళు మాత్రం ఎవరో పక్కనుంచి దిగి వెళ్తున్నట్టే నెమ్మదిగా కదులుతాయి. ఆ కళ్ళు చూస్తే నాకు ఒళ్ళు జలదరించేది.

ఆ సమయంలో మా అక్క రెయిలింగ్ పట్టుకుని తాపీగా నిలబడి ఉండేది.

"ఎవరే అక్కా?" అని గుసగుసగా అడిగాను ఓసారి.

"ఏమో, నాకు పరిచయం చెయ్యలేదు" అంది. భయం లేదు, బెంగ లేదు. కాపురం చేసీ చేసీ మొద్దుబారిపోయిందనుకున్నాను.

నా సంగతి చెప్పాలి. నేను లెక్కల టీచర్ని. యాభై దాటాక ఒకనాడు స్కూల్ స్టోర్‌రూంలో స్టూలు మీదనుంచి పడి కుడి భుజం లోపల నరమో కండో తెంపుకున్నాను. చెయ్యి ఛాతీ దాటి పైకి లేవడం మానేసింది. నా క్లాసులో లెక్కలన్నీ బోర్డు కింది సగంలోనే జరిగేవి. వెనక బెంచీవాళ్ళు నిలబడి రాసుకునేవారు. చెయ్యి ఆడిస్తూ ఉండాలి, నొప్పి మొదలవగానే ఆపాలి, మళ్ళీ తెగితే ఇక పైకి లేవడం కష్టం అన్నాడు డాక్టరు.

ఆపడమే నాకు చేతకాదు. పైగా నన్నెవరైనా "పాపం" అంటే ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది. వ్యాయామం చేయించే అమ్మాయి "పాపం, కాసేపు ఆగండి మేడమ్" అంది. బ్యాగు తీసుకుని వచ్చేశాను. తర్వాతి ఆవిడా అదే మాట అంది. ఆవిడ ముఖమూ మళ్ళీ చూడలేదు. ఈత నేర్పేవాడు ఏమీ అనలేదు గానీ, జాలిగా చూశాడు. అదీ అయిపోయింది.

అప్పుడు బావగారు వచ్చారు. లిఫ్టులు బాగుచేసే పని నుంచి రిటైరయ్యాక సముద్రం మీద పడ్డ మనిషి.

"సర్ఫింగ్ నేర్చుకుంటావా మరదలా? బోర్డు మీద నిలబడి అలలెక్కడమే."

"ఈ వయసులోనా?"

"నీ వయసు సముద్రానికి ఎవరు చెప్తారు?"

తెల్లవారుతుంటే వెళ్ళాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే నా బోర్డు ముందు కొస నాకే కనిపించలేదు. బోర్డు మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్ళు తోసుకుంటూ లోపలికి వెళ్ళాలి. ఒక అల మీద ఒక్కరే ఎక్కాలి, అది అక్కడి పద్ధతి. కొంత దూరం పోయాం. నా భుజం లాగడం మొదలుపెట్టింది. పళ్ళు బిగించాను. సరిగ్గా అప్పుడే బావగారు ఆగి, లేచి కూర్చుని, మంచులోకి చెయ్యి చూపించారు.

"ముందు మీరు కానివ్వండి."

చుట్టూ మనిషన్నవాడు లేడు. అల ఒకటి మా పక్కనుంచి చప్పుడు లేకుండా పోయింది. ఆయన తల ఎడమ నుంచి కుడికి మెల్లగా తిరిగింది.

"ఆడమనిషి. భలే నిలబడింది" అన్నారు.

"ఎక్కడ?"

"అలా చూడకు, సిగ్గుపడుతుంది."

నేను కాళ్ళు రెండూ నీళ్ళలోంచి తీసి బోర్డు మీద పెట్టుకున్నాను.

రోజూ ఇదే వరస. ఇలా నాలుగు బారలు వేశామో లేదో, ఎవరో ఒకరు వచ్చేసేవారు. ఒకరోజు "ఇవాళ జనం ఎక్కువ" అన్నారు. "మనుషులేనా బావా?" అంటే, "అడిగితే బాగోదు" అన్నారు. మరో రోజు నేను మొదటిసారి బోర్డు మీద లేచి నిలబడ్డాను. కన్నుమూసి తెరిచేలోగా పడ్డాను. నీళ్ళలోంచి పైకి రాగానే మంచులో ఎవరో నవ్వినట్టనిపించింది. నేను అడక్కుండానే "నేను కాదు" అన్నారు బావగారు.

మానేద్దామనుకున్నాను. కానీ క్లాసులో నా లెక్కలు బోర్డు మీద కొంచెం కొంచెం పైకి పాకుతున్నాయి. వెనక బెంచీవాళ్ళు కూర్చున్నారు. దెయ్యాలతోనైనా సరే సర్దుకుపోదామని నిర్ణయించుకున్నాను.

ఒకరోజు స్కూల్లో పని ఉంది, రానన్నాను. తీరా ఆ పని వాయిదా పడింది. సరేనని ఒడ్డుకి వెళ్ళాను. బావగారు నీళ్ళలో ఉన్నారు. ఒక అల దిగుతున్నారు, ఇంకోటి ఎక్కుతున్నారు. ఎవరికీ దారివ్వడం లేదు. ఎక్కడా ఆగడం లేదు.

బోర్డులు అద్దెకిచ్చే ఆయన్ని అడిగాను. "ఇవాళ వాళ్ళు రాలేదా?"

"ఎవరమ్మా?"

"అదే, మా బావగారు దారిస్తుంటారే, వాళ్ళు."

"వాళ్ళు మీరొస్తేనే వస్తారమ్మా" అన్నాడు.

నా వెంట ఎవరు తిరుగుతున్నారా అని ముందు వెనక్కి తిరిగి చూశాను. తర్వాత భుజం గుర్తొచ్చింది. అది లాగినప్పుడల్లానే కదా వాళ్ళొచ్చింది. అక్కడినుంచి సరాసరి అక్క దగ్గరికి పోయాను, మండిపడుతూ.

"ఇన్నాళ్ళూ నామీద జాలిపడ్డారన్నమాట."

అక్క మోకాళ్ళకి మందు రాసుకుంటోంది. "నా మోకాళ్ళు పాడైనప్పటినుంచి మెట్ల మీద ఎవరో ఒకరు ఎదురొస్తూనే ఉన్నారు. నేను ఊపిరి తీసుకోగానే వెళ్ళిపోతారు" అంది.

"నీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటే? జాలైతే పాపం అని నోటితో అనేసి ఊరుకునేవారు. ఆ మాట నీ చెవిన పడకూడదని ఆయన దెయ్యాల్ని పోషిస్తున్నారు."

నాకు కోపం పోయింది. ఏడుపు రావాల్సింది గానీ నవ్వొచ్చింది. అంత శ్రమపడి నన్ను ఆపినవాళ్ళు నా జన్మలో లేరు.

మర్నాడు వెళ్ళాం. మంచు అలాగే ఉంది. భుజం లాగింది. బావగారు లేచి కూర్చున్నారు. "రండి, ముందు..."

"ఎవరూ లేరు బావా," అన్నాను. "నాకు నొప్పిగా ఉంది. కాసేపు ఆగుదాం."

ఇంత బతుకులో ఆ మాట నా నోట రావడం అదే మొదలు. బావగారు చెయ్యి దించేశారు.

"అమ్మయ్య," అన్నారు. "రోజూ కొత్త మనుషుల్ని పుట్టించలేక చస్తున్నాను."

ఇద్దరం బోర్డుల మీద ఊగుతూ కూర్చున్నాం. నొప్పి నెమ్మదించింది. సముద్రం చప్పుడు కూడా తగ్గింది. అప్పుడు మంచులోంచి ఒక అల లేచి మా వైపు వచ్చింది. దాని మీద ఏదో ఉంది. ఉందనే అనిపించింది. నాకు తెలియకుండానే పక్కకి జరిగాను.

"ముందు మీరు" అన్నాను.

అల వెళ్ళిపోయింది. తల తిప్పి చూస్తే బావగారు అల వంక చూడటం లేదు. కదిలితే ఏమవుతుందోనన్నట్టు ఊపిరి బిగబట్టి నా కుడిచేతి వంక చూస్తున్నారు. అది నా తలకన్నా పైన ఉంది.

"ఇక దించు మరదలా," అన్నారు మెల్లగా. "ఆయన వెళ్ళిపోయారు."